చిలక తోక దగ్గర ఆగిన సూది

కోయంబత్తూరు, తమిళ ఆడి నెల రెండో శుక్రవారం.

మా తోటికోడలు పోయిన శనివారం మధ్యాహ్నం కాలం చేసింది. మన తెలుగువాళ్ళ పత్రికలో ఇలాంటివి పదహారో రోజు కర్మ అయ్యాక రాయడం వాడుక. నేను ముందే రాస్తున్నాను. ఆ రోజు ఆమె వస్తువులు మూటగట్టి ఏట్లో వదులుతారు. ఆ మూటలో ఏది పోవాలో, ఏది పోకూడదో ఇంకా మాట తేలలేదు. తెలుగు చదవగలిగినవాళ్ళు చదవరానివాళ్ళకు కూడా వినిపించండి.

ఆ శనివారం ఆమె టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కిటికీ పక్క కుర్చీలోనే తల వాల్చేసింది. ఆ కిటికీకి ఎదురుగా నూలు గోడౌను గోడ. ఈ ఇంటికి కోడలుగా వచ్చాక ఆమె చూసిన లోకంలో ఎక్కువ భాగం ఆ గోడే. మా అత్తగారు జారిపడి మంచం పట్టినప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. ఇద్దరు కోడళ్ళలో ఒకరు ఇంట్లో ఉండాలి. "మీరు పొయ్యి రాండక్కా, నేనుండా గదా," అంది. అత్తగారు పోయాక ఆమె భర్తకు పక్షవాతం వచ్చింది. ఆయన పోయాక ఆమె మోకాళ్ళు పట్టేశాయి. గడప దాటడానికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం.

క్రాస్‌స్టిచ్ ఆమెకు పుట్టింట్లో వచ్చిన పని. మిషను కుట్టు నేర్చుకోరాదా అని ఒకసారి అడిగాను. "మిషను మీద ఉంటే అత్తమ్మ పిలిచేది ఇనపడదక్కా. ఇదైతే ఎక్కడ పిలిస్తే అక్కడ ఆపి లేవచ్చు," అంది. అలా ఆపుతూ, లేస్తూ, మళ్ళీ కూర్చుంటూ ఎన్నో చేసింది. దిండు గలీబులు, పుస్తకంలో పెట్టుకునే పట్టీలు, టీవీ మీద పరిచే గుడ్డ, ఫ్రిజ్ పిడికి తొడుగు. మా అబ్బాయి నవ్వేవాడు. "చిన్నమ్మా, నేను ఇంకో గంట ఇక్కడే కూచుంటే నాక్కూడా తొడుగు కుట్టేస్తారు."

"నీ నోటికి కుడతా, కూచో సామీ."

ఉడుమలైపేటలో పెళ్ళయినా, చిన్నమనూరులో గృహప్రవేశమైనా మేము పోయేవాళ్ళం. ఆమె కుట్టిన బహుమతి మా సంచిలో వచ్చేది. తిరిగి రాగానే భోజనాల సంగతి అడిగేది కాదు. "ఏ గోడకు తగిలించినారక్కా? ఎండ తగుల్తుందా? పక్కన ఏముంది?" చెప్పేదాకా వదిలేది కాదు. ఆ ఇళ్ళలో గదులు ఎటు తిరిగి ఉన్నాయో నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఒక్క ఇల్లూ చూడలేదు.

మన ఇళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఉయ్యాలలో పరిచే గుడ్డ ఆమె ఇచ్చిందే. నాలుగు మూలలా పూలు, నడుమ రెండు చిలకలు.

ఇక మీరెవరూ ఎరగని సంగతి. ఈ కుట్టులో వరుసకు రెండు ప్రయాణాలు. పోయేటప్పుడు గళ్ళు లెక్కపెట్టుకుంటూ ఏటవాలుగా సగం కుట్లు వేసుకుంటూ పోవాలి. వచ్చేటప్పుడు లెక్క అక్కర్లేదు, ఉన్న కుట్ల మీదుగా అడ్డంగా వేసుకుంటూ వచ్చేస్తే చాలు. అత్తగారు నిద్రపోయే కాస్త సేపట్లో ఆమె పోయే వరుసలు వేసి పెట్టేది. నేను సాయంకాలం బడి నుంచి వచ్చి, కాఫీ తాగి, వచ్చే వరుసలు వేసేదాన్ని. "పైకుట్లన్నీ ఒక పక్కకే వాలాల. మీరు బిర్రుగా లాగతారు, కొంచెం ఒదలండక్కా," అనేది. అవతలివాళ్ళకు ఇద్దరి చేయి అని తెలియకూడదని ఆమె పట్టుదల. నేను రిటైరయ్యాక కూడా అలాగే సాగింది. మొన్న శనివారం దాకా.

ఇప్పుడు మా మనవరాలికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డ గుడ్డలో ఒక చిలక పూర్తయింది. రెండోదానికి తోక మిగిలింది. తోకలో పోయే వరుస ఒకటి వేసి, చివర సూది గుచ్చి, ఆమె టీకి చేయి చాపింది. గుడ్డ బిగించిన రింగు కిటికీ గట్టు మీదే ఉంది. సూది గుడ్డలో వదిలితే తుప్పు మరక పడుతుందని అందరినీ కసిరేది ఆమే. బయట ఆడి గాలి, చినుకులు. పోయినవాళ్ళ వస్తువు పదహారో రోజు దాకా ముట్టకూడదు. ఆ నియమం నేను ఎవరికీ సడలించలేదు, నాకూ సడలించుకోను. మంచం మీద నుంచి సూదిని చూస్తూ కూర్చున్నాను.

చావింటికి చూలాలు రాకూడదు. మైల ఇంటి నుంచి మేము పోకూడదు. నిన్న మనవరాలు ఆటోలో వచ్చి గేటు అవతలే నిలబడింది.

"అవ్వా, ఆ గుడ్డ ఏట్లో ఎయ్యబాకండి. తోక మాత్రం బాకీ ఉందని చిన్నవ్వ ఫోన్‌లో చెప్పినారు."

నా కంటే ముందు మా పెద్ద ఆడపడుచు జవాబిచ్చింది. అన్నూరు నుంచి వచ్చింది, కర్మలన్నీ ఆమె చెప్పినట్టే జరగాలి. "సచ్చిపొయినదాని సగం కుట్టు పసిబిడ్డ కింద పరుస్తారా? అది తీట్టు గుడ్డ, మైల గుడ్డ. ఏం సదివినావు పిల్లా నువ్వు?" ఆ చివరి మాట నాకు.

ఇంటినిండా జనం. మనవరాలు గేటు కమ్మీ పట్టుకుని నా వైపే చూసింది.

"వదినా," అన్నాను, "అది పోయినామె ఒక్కదాని కుట్టు కాదు. ఇన్నేళ్ళూ పోయే వరుస ఆమెది, వచ్చే వరుస నాది. ఆమె వంతు అయిపోయింది. నా వంతు అట్లే ఉండాది. నేనింకా బతికే ఉండాను గదా."

వదిన నా వేళ్ళను చాలాసేపు చూసింది. "నీ ఇష్టం పిల్లా," అని లోపలికి పోయింది. ఒప్పుకున్నట్టు కాదు. అందుకే రాసి పెడుతున్నాను. ఇకపై జరగవలసినవి ఇవి.

1. ఆమె చీరలు, దువ్వెన, కళ్ళద్దాలు మూటలో పోతాయి. ఉయ్యాల గుడ్డ పోదు.

2. కిటికీ పక్క కుర్చీని ఎవరూ జరపకూడదు. కర్మ అయిన మరునాటి నుంచి అందులో నేను కూర్చుంటాను.

3. ఆకుపచ్చ దారం తెచ్చేవాళ్ళు పాత ముక్క తీసుకుపోయి, పగటి వెలుగులో రంగు సరిచూసి తేవాలి.

4. తోకలో మిగిలిన పోయే వరుసలకు గళ్ళు లెక్కపెట్టడం నాకు అలవాటు లేదు. మనవరాలు తన ఉయ్యాల గుడ్డ చూసి ఫోన్‌లో లెక్క చెప్పాలి. నేను వేస్తాను.

5. సూది గుచ్చిన చోట తుప్పు మరక పడే ఉంటుంది. నా మొదటి కుట్టు దాని మీదే పడుతుంది. అంతవరకూ నేను ఈ మంచం మీద, సూది ఆ గుడ్డలో.