ఫోన్ అట్ల తిప్పు

కువైట్‌లో, సల్వా అనే చోట ఒక కువైటీ ఇంట్లో పనిచేసే ఒక అక్కది రాయచోటి దగ్గర పల్లె. శుక్రవారం సెలవు దొరికితే అబూ హలీఫాలో మేం ఆడవాళ్ళం అద్దెకున్న గదికి వచ్చి, ఊళ్ళో ఉన్న కూతురికి వీడియో కాల్ చేసేది. కూతురు ఇంటర్ పాసై, మేనమామ వెంట డిగ్రీ కాలేజీలు చూస్తూ తిరుగుతున్న రోజులవి.

కూతురు కంప్యూటర్లు చూపించినా, పెద్ద గేటు చూపించినా అక్కది ఒకటే మాట.

"అవి ఉండనీ. ఫోన్ అట్ల తిప్పు పాపా, బాత్రూములు చూడాల."

మేం నవ్వితే ఒకసారి మామూలుగానే చెప్పింది. "నేను ఏడులో బడి మానేసింది అది లేకనే."

తర్వాత ఎవరం నవ్వలేదు. రెండు కాలేజీలు ఆమెకు నచ్చలేదు. మేనమామకు విసుగొచ్చింది.

మూడో కాలేజీలో కూతురు ఫోన్ తిప్పగానే, బాత్రూముల గుమ్మంలో చీపురు పట్టుకున్న ఒకామె కనిపించింది. కూతురు ఫోన్ పక్కకు తీసుకోబోయింది.

"ఉండు మే" అని అక్క ఆమెనే పలకరించింది. "అక్కా, నేనూ కువైట్‌లో నీ పనే చేస్తాండా. నీకు పిల్లలుండారా?"

"ఒక్క కూతురుమ్మా."

"యాడ చదువుతాండాది?"

ఆమె కాస్త గర్వంగానే చెప్పింది. "ఈడనే. రెండో సంవత్సరం."

"ఖలాస్. ఈడనే చేర్పించు" అని తమ్ముడికి చెప్పి అక్క ఫోన్ పెట్టేసింది.

"బాత్రూములు చూడనే లేదు కదక్కా?" అన్నాను.

"తన బిడ్డ తిరిగే చోటును ఆమె ఎట్ల పెట్టుకుంటాదో నాకు తెలీదా?" అంది.