నిండు మనుషుల సీట్ల మేస్త్రి

సీట్ల సాయిలు ఇక లేడు. ఈ వాక్యం రాసి చాలాసేపయింది. దీని కింద రెండో వాక్యం రావడం లేదు. ఎల్లారెడ్డి కళాశాలలో పిల్లలకు సమాసాలు చెబుతుండగా ఫోను మోగింది. ఆయన కూతురు రజిత. "సార్, బాపు సచ్చిపోయిండు. పొద్దుగాల గుండెల నొప్పన్నడు, దవాఖానకు పోయేలోపే అయిపోయింది" అంది. "ఊఁ" అన్నాను. ఫోను జేబులో పెట్టుకొని, షష్ఠీ తత్పురుషకు మరో నాలుగు ఉదాహరణలు చెప్పి, హాజరు వేసి, గంట కొట్టాకే గది బయటికి వచ్చాను. ఒక్క ఉదాహరణ కూడా తప్పు పోలేదు. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు మొదట్లో ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. అందులో ఒక బక్కపలుచని మనిషి కుట్టుమిషను ముందు కూర్చొని వాహనాల సీట్లు కుట్టేవాడు. స్వగ్రామం రాజంపేట. అక్షరజ్ఞానం సంతకం దాకానే. కానీ మానవ దేహం పట్ల అంతటి గౌరవాన్ని, దాని బాధ పట్ల అంతటి సూక్ష్మదృష్టిని నేను ఏ విద్యావంతునిలోనూ చూడలేదు. ట్రాక్టరు, లారీ, ఆటో, ఏది వచ్చినా కుట్టేవాడు గానీ, స్థూలకాయులకు సీటు అమర్చడంలో మాత్రం ఆయన అద్వితీయుడు. ‘స్థూలకాయులు’ అన్న మాట నాది. ఆయన మాట ‘నిండు మనుషులు’. ఆ షెడ్డులో ‘లావు’ అనే మాట నిషిద్ధం. బరువు ఎంత అని ఎవరినీ అడగడు. "ఏడ నొస్తది?" అని అడుగుతాడు, అంతే.

నేను నిండు మనిషిని. అందులో దాచేదేమీ లేదు, దాచినా దాగదు. యాభై దాటిన తర్వాత, ఎవరెన్ని చెప్పినా వినకుండా, హైదరాబాదు నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాను. ఎర్రది, రెండే తలుపులు, నేలకు ఆనినట్టు నడుస్తుంది. కుర్రతనం నుంచీ ఉన్న కోరిక. కళాశాలలో ఒకటే నవ్వులు. "సార్ కారెక్కిండా, కారే సార్ మీదికెక్కిందా?" అని వెనక బెంచీలో అనుకున్నది నాకు వినబడనే వినబడింది. వాళ్లన్న దాంట్లో అబద్ధం లేదు. ఆ కారు సీటుకు రెండు పక్కలా దిండ్లలా లేచిన అంచులుంటాయి. మలుపులో మనిషి పక్కకు జారకుండా పట్టుకోవడానికవి. నా తొడలను అవి పట్టకారులా పట్టేవి. ఇంటికి చేరేసరికి కుడికాలు నాది కాదన్నట్టు ఉండేది.

ఎవరో చెబితే సాయిలు దగ్గరికి వెళ్లాను. సీటు వైపు చూడనైనా చూడలేదాయన. "నడు సారూ, ఎల్లారెడ్డి దాక పోయొద్దాం" అని పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా రోడ్డు చూడలేదు. నన్నే చూశాడు. మలుపు వచ్చినప్పుడల్లా నా భుజం ఎటు ఒరుగుతోందో, బ్రేకు తొక్కితే తొడ ఎంత లేస్తోందో, బెల్టు కొక్కెం కోసం చెయ్యి ఎంత తడుముకుంటోందో చూస్తూ, జేబులోంచి సుద్దముక్క తీసి నా చొక్కా మీదే గీతలు గీశాడు. అదీ ఆయన పద్ధతి. సీటు మీద గీయడు, మనిషి మీద గీస్తాడు. "దుకాణంల కూసుంటే అన్ని సీట్లు మంచిగనే ఉంటయ్ సారూ. మలుపుకాడ తెలుస్తది" అన్నాడు. ఎల్లారెడ్డిలో దిగి, నేను ఇంటికి రమ్మన్నా రాక, బస్సెక్కి కామారెడ్డికి వెళ్లిపోయాడు.

ఆ రోజు దారిలో అన్నాను, "కాలు తిమ్మిరెక్కుతోంది, అంతే, నొప్పయితే ఏం లేదు" అని. ఆయన మొహం చిట్లించాడు. "తిమ్మిరెక్కిన కాలికి నొప్పి తెల్వది. తెల్వకుంటే మంచిగున్నట్టా? తిమ్మిరి దిగుతుంటే నొస్తది చూడు, అప్పుడు కాలు నీది" అన్నాడు. అప్పుడు ఆ మాటను నేను పట్టించుకోలేదు.

ఇప్పుడొక అవమానకరమైన సంగతి చెప్పాలి. నిండు మనుషులందరికీ ఒక రహస్య విద్య తెలుసు. ఫొటో తీసేవాడి ముందు, దర్జీ ముందు, పెళ్లి పందిట్లో, ఎక్కడైనా సరే, ఊపిరి బిగబట్టి పొట్టను లోపలికి గుంజుకుంటాం. సాయిలు టేపు పట్టుకొని కొలుస్తున్నంతసేపూ నేను అదే చేశాను. సీటు తయారైంది. ఎక్కి నాలుగు అడుగులు పోయానో లేదో, ఊపిరాడలేదు. కోపంతో వెనక్కి వచ్చి నలుగురిలో అరిచాను, "ఏం కొలత సాయిలన్నా ఇది? తప్పు కొలత తీసుకొని తప్పు సీటు కుట్టావు!"

ఆయన తల ఎత్తకుండా దారం కొరికి, "కొలత తప్పు గాదు సారూ. కొలిచినప్పుడు నువ్వు ఆడ లేవు. ఊపిరి బిగబట్టినోడొకడు కూసున్నడు. ఆయనకు కుట్టిన" అన్నాడు.

"తెలిసి ఎందుకు కుట్టావయ్యా మరి?"

"చెప్తే సిగ్గువడ్తవు. కూసుంటే నీకే తెలుస్తదనుకున్న. కూసో. ఇప్పుడు ఊపిరి ఇడువు."

వదిలాను. పరాయి మనిషి ముందు నా పొట్టను దాని చోట ఉండనిచ్చింది నా జీవితంలో అదే మొదలు. సాయిలు టేపు తీశాడు. మళ్లీ కొలిచాడు.

ఆ షెడ్డు పక్కనే చాయ్ బండి. చాయ్ తాగుతున్న ఒకాయన నన్ను చూసి, "మేస్త్రీ, ఈ సారుకు రెండు సీట్లు కలిపి కుట్టు" అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. నవ్వడం మాకు అలవాటు. సాయిలు మాత్రం కత్తెర కింద పెట్టి లేచాడు. "నీకు చెప్పు ఇరుకయితే ఏం జేస్తవ్? చెప్పు మారుస్తవా, కాలు కోసుకుంటవా?" అని నిలదీశాడు. ఆ మనిషి చాయ్ సగంలోనే వదిలి వెళ్లిపోయాడు. అంత బక్క మనిషిలో అంతటి ఆగ్రహం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు.

తర్వాత ఆయనే చెప్పాడు. ఆయన అన్న లారీ డ్రైవరు. నిండు మనిషి. ఇరుకు సీట్లో, చచ్చిన స్పాంజీ మీద కూర్చొని ఏళ్ల తరబడి తోలి తోలి నడుము పోగొట్టుకొని, నలభై నిండకముందే మంచాన పడ్డాడట. "ఎవ్వడు సీటును తప్పు వట్టలే సారూ. అందరు మా అన్ననే తప్పు వట్టిండ్రు. తింటడు, పెరిగిండు, అన్నరు. ఆయన గూడ గట్లనే అనుకొని పోయిండు" అన్నాడు. సాయిలు సీట్లు కుట్టడం నేర్చుకున్నది ఆ తర్వాతే. నా దృష్టిలో అది వృత్తి కాదు, అన్న కోసం జీవితాంతం పుచ్చుకున్న వకాల్తా.

ఒకసారి నిజాంసాగర్ దిక్కునుంచి ఒక నిండు యువకుడు, పట్నంలో కొన్న ఖరీదైన పందెపు కార్ల సీటును బిగించమని తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది, దూదిలా మెత్తగా ఉంది. సాయిలు దాన్ని తిరగేసి, గుడ్డ విప్పి, లోపలి ఇనుప చట్రం వెడల్పు జానతో కొలిచి, "నేను బిగియ్య" అన్నాడు. ఆ అబ్బాయికి కోపం వచ్చింది. "తమ్మీ, స్పాంజి నేను పెంచగల్గుత, తగ్గియ్యగల్గుత. ఇనుము నా మాట వినది. చట్రం నీ తుంటికంటే సన్నగున్నది. రేపు నువ్వు మెత్తటి దాని మీద గాదు, ఇనుప కడ్డీ మీద కూసుంటవ్" అన్నాడు. అంతటితో ఆగక ఎట్లా ఎంచుకోవాలో కూడా చెప్పాడు. మొదట చట్రం చూడాలి. తొడ కింద మోకాలి దాకా ఆసరా ఉందా చూడాలి. వేలితో నొక్కి మెత్తదనం చూడకూడదు, కూర్చొని ఒక చాయ్ తాగి, రెండో చాయ్ కూడా తాగి, అప్పటికీ నడుము మాట్లాడకుంటే కొనాలి. "మెత్తటి సీటు అరగంట సుఖం, గట్టి సీటు ఆరు గంటల సుఖం. సీటు మనిషిని పట్టుకోవాలె గాని పిసుకొద్దు." ఈ చివరి మాటను మా కళాశాలలో నల్లబల్ల మీద రాయాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇక నా తప్పు. సీటు పక్కల దిండ్లను సాయిలు ‘రెక్కలు’ అనేవాడు. నా సీటుకు కుడి రెక్క కుట్టడం అయింది. బిగించుకొని ఒక చుట్టు తిరిగొచ్చాను. అంత హాయిని నేనెరగను. కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, "సాయిలన్న చెయ్యి అంటే అదీ" అని. ఎడమ రెక్క మాత్రం తెల్లదారం కచ్చాకుట్ల మీదే ఉండటంతో ఆ సీటును షెడ్డులోనే వదిలి, పాత సీటుతోనే తిరుగుతున్నాను. చివరి కొలత ఒకటి తీసుకుంటే పక్కా కుట్టు వేస్తానన్నాడు. ఈలోగా ఆయన చేతులు వణకడం మొదలైంది. ఫోను చేశాడు, "రా సారూ, కొలత బిడ్డ తీస్తది" అని.

నేను వెళ్లలేదు. పరీక్షలన్నాను, ఎండలన్నాను. అసలు సంగతి వేరు. ఒక ఆడపిల్ల టేపు పట్టుకొని నా నడుము కొలుస్తుందనగానే ప్రాణం చచ్చిపోయింది. "మీ చేతులు నెమ్మదించాక మీరే చూద్దురు గానీ" అన్నాను. "అందరు గదే అంటున్నరు సారూ. నువ్వొక్కనివన్న కూసుంటే, నిన్ను చూసి ఇంకొకడు కూసుంటడు. లేకుంటే నేను పోయిన్నాడే ఈ షెడ్డు బందయితది" అన్నాడు. ఆ మాట తర్వాత కూడా నేను వెళ్లలేదు. ఇంకో రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ వస్తానన్నాను.

రాజంపేటలో ఆయన్ను చివరిసారి చూశాను. చుట్టూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరి మాటో వింటున్నట్టు, ఎవరి చావుకో వచ్చినట్టు నిలబడ్డాను. ఆయన భార్య పోశవ్వ, బీడీలు చుట్టి చుట్టి పసుపెక్కిన వేళ్లతో నా చెయ్యి పట్టుకుంది.

"వస్తడు, సారు వస్తడు అని నీ సీటుకు గుడ్డ కప్పి పెట్టిండు సారూ. ఎవ్వల్ని ముట్టనియ్యలే."

"తప్పయింది వదినా."

"నీ కుడి దిక్కు రెక్కను ఊరంత మెచ్చుకుంటివట గదా. అది మా రజిత కుట్టిందే. అప్పటికే ఆయన చేతులు వణుకుతుండె. నీకు చెప్పొద్దన్నడు, సారు సిగ్గువడ్తడు అన్నడు."

అప్పుడూ ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చాను, అన్నం తిన్నాను, జవాబుపత్రాలు దిద్దాను. సంతాపసభలో మాట్లాడమంటే తప్పుల్లేకుండా మాట్లాడాను.

దినాలయిన మర్నాడు కామారెడ్డి వెళ్లాను. షెడ్డు తెరిచే ఉంది, లోపల రజిత ఒక్కతే ఉంది. చాయ్ బండి దగ్గర నలుగురు నిలబడి చూస్తున్నారు. అందులో ఇద్దరు నాలాంటి నిండు మనుషులే, లారీ డ్రైవర్లు. నన్ను చూసి రజిత లేచింది. సీటు మీద కప్పిన గుడ్డ తీసింది. తెల్లటి కచ్చాకుట్లు అలాగే ఉన్నాయి. కారులో సీటు బిగించి, "కూసోండ్రి సార్" అంది.

కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది, నలుగురూ చూస్తున్నారు. ఆ పిల్ల టేపు తీసింది. నా ప్రమేయం లేకుండానే నా పొట్ట లోపలికి పోయింది. సిగ్గులేని అలవాటు! రజిత కొలవలేదు. టేపు వేలికి చుట్టుకొని అలాగే నిలబడింది. తండ్రిలాగే తల ఎత్తకుండా అంది, "సార్, ఊపిరి ఇడువుండ్రి."

వదిలాను. దానితోపాటే వచ్చింది, ఇన్ని రోజులుగా రానిది. స్టీరింగు పట్టుకొని, వయసూ ఉద్యోగమూ మరిచి, పెద్దగా ఏడ్చాను. రజిత నన్ను ఓదార్చలేదు. "గట్లనే ఉండుండ్రి, కదలకుండ్రి" అంటూ, తానూ ముక్కు ఎగబీలుస్తూ, నా చొక్కా మీద సుద్దతో మూడు గీతలు గీసింది. నేను దిగేసరికి లారీ డ్రైవర్లలో ఒకాయన చాయ్ గ్లాసు పెట్టేసి, "చెల్లే, నా బండి సీటు గూడ చూస్తవా?" అని అడుగుతున్నాడు.

సాయిలన్న పుణ్యాత్ముడో కాదో నాకు తెలియదు. మా దేహాలను నేరాలుగా చూడని ఒకే ఒక్క మనిషి మా తాలూకాలో ఉండేవాడు, ఆయన పోయాడు. ఆ చెయ్యి రజితకు వచ్చింది. ఆ చూపు ఎవరికి వస్తుందో చెప్పలేను. సాయంత్రం కొత్త కుట్లతో ఎల్లారెడ్డి వచ్చాను. మలుపులన్నిట్లోనూ రెండు రెక్కలూ నన్ను పట్టుకున్నాయి, ఎక్కడా పిసకలేదు. నా ఎడమపక్క సీటు ఖాళీగా ఉంది. రోడ్డు చూడకుండా నన్ను చూసేవాడు, "ఏడ నొస్తది సారూ?" అని అడిగేవాడు అందులో లేడు.

తిమ్మిరి దిగింది. నొస్తున్నది, సాయిలన్నా.