దుమ్ము కోసం ఉరికించిన మంద

ఆ సాయంత్రం దేవరకొండ కోట దగ్గర మేం ఏడుగురం ఉన్నం. ఏడుగురి మెడలల్ల కెమెరాలు, ఏడుగురికి ఒక్క తీరుగ జేబులెక్కువున్న అంగీలు. తెలంగాణ వచ్చిన రెండో యేడో మూడో యేడో. నల్లగొండల బ్యాంకు కొలువు నాది. కెమెరా కొన్నంక ఆదివారాలు ఇంట్ల కాలు నిలిచేది కాదు. తిరుక్కుంట ఫొటోలు తీసుడు నేర్పుతనని హైదరాబాదు నుంచి ఒకాయన గ్రూపును తోలుకొస్తుండె. ఆయనను అందరం సారు అంటుంటిమి.

వెలుతురు ఎనుక నుంచి రావాలె, కెమెరా నేలకు ఆనాలె, గాలిల దుమ్ము ఉండాలె అనేటోడు. తప్పు మాటలేం కావు. చెప్పే నోరే నాకు సయించకపోయేది. కోట గోడల మీద పేర్లు చెక్కినోళ్లను తిట్టుకుంటనే, తాగిన నీళ్ల సీస గుట్ట మీదికెల్లి కిందికి ఇసిరిండు. అందరం కెమెరాలల్ల కండ్లు పెట్టినం. సారు గదా.

పొద్దు వాలుతుంటే గుట్ట కింద ఒక ముసలాయన గొర్ల మందను ఇంటికి మలుపుకొస్తుండె. సారు గబగబ దిగిండు.

“పెద్దాయనా, వాటిని వెనక్కి తీసుకెళ్లి ఒకసారి పరిగెత్తించండి. దుమ్ము లేవాలి.”

ఆయనకు సమజు గాలే. నా దిక్కు చూసిండు.

“గొర్లను జర ఎనుకకు మలిపి ఉరికియ్యాల్నట కాకా,” అన్న నేను.

“ఎట్ల ఉరికిస్త బిడ్డా? సూడి గొర్లున్నయి. పొద్దంత తిరిగి అలిసినయి.”

కడుపుతో ఉన్నయట సార్, అని చెప్పిన. సారు నవ్విండు. “ఒక్కసారే కదా. ఫొటో పంపిస్తామని చెప్పండి.”

అదీ చెప్పిన. ఫొటో అనంగనే ఆయన మొకం మెత్తబడ్డది. “నాదొక్క ఫొటో లేదని ఇంటిది ఎప్పుడూ అంటది,” అనుకుంట మందను మలిపిండు.

ఒక్కసారి కాదు, నాలుగు సార్లు ఉరికించినం. ఏడుగురం నేల మీద బోర్ల పండుకున్నం, ఏదో యుద్ధానికొచ్చినట్టు. నాలుగోసారి ఒక గొర్రె కూలబడ్డది. ఆయన వంగి దాని కడుపు తడిమిండు. “అలాగే ఉండండి, కదలొద్దు,” అన్నడు సారు. సారును ఇప్పుడు ఇంత తిడుతున్న గని, అప్పుడు నేనూ కెమెరా దించలే. నేనూ నొక్కిన.

సారు తీసిన గా ఫొటో హైదరాబాదుల ఒక ప్రదర్శనల గోడకెక్కింది. బంగారం లెక్క దుమ్ము, దాంట్ల నల్లటి మనిషి, నల్లటి మంద. కింద ‘స్వేచ్ఛ’ అని పేరు. చూసెటోళ్లు ఆహా అంటుంటే సారు తల వంచుకొని సిగ్గు నటిస్తుండె.

“ఆయనకు పంపిన్రా సార్?” అనడిగిన.

“ఎవరికి?” అన్నడు.

తెల్లారి నేనే, నేను తీసినయాంట్ల ఒకటి కడిగించుకొని బస్సెక్కిన. కోట కింద అడుగుతే ఇల్లు చూపిచ్చిన్రు. ముసలాయన ఇంక రాలే, ఆయన పెండ్లాం దొడ్డి ఊడుస్తున్నది. ఫొటో చేతికిచ్చిన. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“గీ నల్లటోడెవడు?”

“కాకనే చిన్నమ్మా. పొద్దు ఎనుకున్నది గద, గందుకే అట్ల...”

“మొకం లేంది గిదేం ఫొటో బిడ్డా?”

గొర్రె సంగతి ఆమెనే చెప్పింది. మేం ఉరికించిన తెల్లారి పొద్దుగాల్నే ఈచుకపోయిందట, పిల్ల సచ్చి పడ్డదట. కోపం లేకుంట చెప్పింది. తిడితేనన్న బాగుండు.

పగటీలి అన్నం యాళ్లకు ముసలాయన వచ్చిండు. బయట ఎండ మండుతాంది. ఇద్దరినీ కొట్టం చూరు కింద నీడకు కూసోబెట్టిన. వాకిట్ల పడ్డ ఎండ వాళ్ల మొకాల మీదికి మెత్తగ కొడుతాంది. చిన్నమ్మ లేసి పోయి పొట్టేలును తెచ్చి ఇద్దరి నడుమ నిలబెట్టింది. ఎట్ల కూసోవాల్నో నేను ఏం చెప్పలే. వాళ్లు కుదురుకున్నంక తీసిన.

గ్రూపుకు మళ్ల పోలే. సారు రెండు మూడుసార్లు ఫోన్ చేసిండు, ఆలంపూర్ గుళ్లు తీద్దాం రమ్మని. పనుందన్న.

ఆ మీది ఆదివారం కొత్త ఫొటో తీస్కపోయి ఇచ్చిన. చిన్నమ్మ కొంగుతోని తుడిచి, దగ్గరికి పెట్టుకొని చానాసేపు చూసింది.

“గీయన చెవులు గింత పెద్దగున్నయా? ఇన్నేండ్లల్ల నేను చూడనే లేదు,” అన్నది.