గుర్రానికి జాకెట్టు

జాకెట్లు కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు నడుముకి టేపు తగలగానే పొట్ట లోపలికి లాక్కుంటారు. గోపాలపట్నంలో కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, సన్నవాళ్ళూ లావువాళ్ళూ అందరూ అంతే. అందుకని నేను వాళ్ళ కొత్త కోడలి గురించి అడుగుతాను. మాటల్లో పడి ఊపిరి వదిలినప్పుడు అంకె చూసుకుంటాను. లెక్కలు నాకు బడిలో వచ్చినవి కావు. గుడ్డ వృథా కాకూడదన్న పంతంలోంచి వచ్చాయి. ముక్క ఎంత చిన్నదైనా అందులో చేతులూ వీపూ ఎలా సర్దాలో కాగితం లేకుండా చెప్పగలను. అలాంటి నేను ఒక గుర్రం దగ్గర టేపు పట్టుకుని నిలబడతానని మాత్రం ఏ లెక్కలోనూ వేసుకోలేదు.

గుర్రం మా తమ్ముడిది. లారీ నడపడం మానేసి, యారాడలో కొబ్బరి చెట్ల మధ్య ఒక రేకుల పాక అద్దెకి తీసుకున్నాడు. బీచికి వచ్చినవాళ్ళని ఎక్కించి తిప్పడానికి గోధుమరంగు ఆడ గుర్రాన్ని కొన్నాడు. దాంతోపాటు ఒక జీనూ వచ్చింది, పెళ్ళి ఊరేగింపుల్లో వాడినది. ఎర్ర మఖమలు, జరీ అంచు, చుట్టూ అద్దాలు. పైనుంచి చూస్తే ఎవరికైనా మనసవుతుంది. అడుగున చెయ్యి పెడితే ఇనుము. జూలు ముగిసేచోట గుర్రం వీపు కాస్త ఎత్తుగా ఉంటుంది కదా, మూపు అంటారు, ఆ ఇనుము సరిగ్గా అక్కడ ఒరుసుకుని అరచేతంత పుండు చేసింది.

పశువుల డాక్టరు వచ్చి చూసి, పూర్తిగా మానేదాకా వీపు మీద తువ్వాలు కూడా వెయ్యొద్దన్నారు. మానాక దాని వీపుకి సరిపోయే జీను చూసుకోమన్నారు. అదే చోట మళ్ళీ చిట్లితే ఇక ఈ గుర్రం మీద మనిషి ఎక్కకూడదని చెప్పి వెళ్ళారు. పెళ్ళి బగ్గీలు తిప్పే ఒకాయన అప్పటికే గుర్రాన్ని అమ్మమని తమ్ముడికి ఫోన్లు చేస్తున్నాడు.

"మళ్ళీ పుండు లేత్తే అమ్మీడమే అప్పా," అన్నాడు తమ్ముడు. "దాన్ని ఏడిపించి తిప్పలేను. కూకోబెట్టి మేపనూ లేను."

వాడు అలా అన్నాక నాకు కాలు నిలవలేదు. ఆదివారం కొట్టుకి సెలవు కాబట్టి, ఆదివారం వచ్చిందంటే యారాడ కొండెక్కే బస్సులో ఉండేదాన్ని. వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్ళతో పుండు కడిగి, డాక్టరు ఇచ్చిన మందు రాసి, ఈగలు వాలకుండా కొబ్బరి మట్టతో విసిరేదాన్ని. ఒంటి మీద వెంట్రుకలు ఎటు వాలి ఉంటే అటే దువ్వాలని, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు మడమ వైపు నుంచి ముందుకి తియ్యాలని తమ్ముడి దగ్గర నేర్చుకున్నాను. ఉలవలు ఉడుకుతుంటే ఆ వాసనకి గుర్రంతోపాటు నాకూ నోరూరేది. చెరో గుప్పెడు తినేవాళ్ళం. దాని ముక్కు మీద చెయ్యి వేస్తే ఉండే మెత్తదనం నేను కుట్టిన ఏ గుడ్డలోనూ లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ చెయ్యి కాసేపు కడుక్కోబుద్ధి అయ్యేది కాదు.

పుండు మాని, ఆ చోట లేత వెంట్రుకలు మొలిచాక జీను సంగతి వచ్చింది. ఒక మెత్తటి తీగని దాని వీపు మీద అడ్డంగా వంచి, ఆ వంపుని చెదరకుండా తీసి, అట్ట మీద గీసుకున్నాను. భుజాల వెనక ఒకటి, నడిమధ్య ఒకటి, వెనక ఒకటి. ఎడమ కంటే కుడి భుజం అరంగుళం ఎక్కువ వచ్చింది. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మనుషుల్లోనూ రెండు భుజాలూ ఒక్క కొలతకి రావు. అట్టలు కత్తిరిస్తుంటే తమ్ముడు తల పట్టుకున్నాడు.

"ఏటప్పా, గుర్రానికి జాకెట్టు కుడతావేటి?"

"చేతులు లేవు కాబట్టి సులువే," అన్నాను.

పూర్ణా మార్కెట్టు వెనక సందులో ఒక ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు జట్కా బళ్ళ తోలు సామాను చేసేవాడు, ఇప్పుడు సంచులకి జిప్పులు వేస్తాడు. ఆయన అటక మీద నాలుగు పాత జీన్లున్నాయి. నేను అట్టలు తీసి ఒక్కో జీను కింద పెట్టి చూస్తుంటే, గుర్రం ఏదమ్మా అని అడిగాడు. ఇదే అని అట్టలు చూపించాను. ఆయన నవ్వి నవ్వి దగ్గి, అప్పుడు స్టూలు ముందుకి జరిపాడు. లోపలి చెక్క చట్రం విరిగిందో లేదో రెండు చేతులతో నొక్కి చూడమన్నాడు. వెన్నెముక మీద జీను ఆనకూడదు, మధ్యలో గాలి ఆడే సందు ఉండాలి, బరువంతా రెండు పక్కల కండల మీద పరుచుకోవాలి అన్నాడు. మూడోది మా అట్టలకి దగ్గరగా వచ్చింది. కుడివైపు దిండులోంచి కాస్త ఉన్ని తీసి, ఆ అరంగుళానికి చోటు చేసి కుట్టాడు. సముద్రపు గాలికి తోలు బూజు పడుతుంది కాబట్టి, వాడిన ప్రతిసారీ చెమటా ఉప్పూ తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టమన్నాడు. నూనె పలచగా పట్టించాలట, ఎక్కువైతే తోలు సాగిపోతుందట. గోడ మేకుకి తగిలించకుండా గుండ్రటి దుంగ మీద పెట్టమన్నాడు. దుంగ దొరికేదాకా ఆ జీను మా ఇంట్లో సోఫా చేతి మీద కూర్చుంది. వచ్చినవాళ్ళందరూ దాన్నే చూసేవాళ్ళు.

ఇక మొదట ఎవరు ఎక్కి చూడాలి? గుర్రం బరువు టేపుతో తెలుసుకోవచ్చని డాక్టరు చెప్పారు. ఛాతీ చుట్టుకొలతని అదే అంకెతో గుణించి, ఒంటి పొడవుతో గుణించి, మూడువందల ముప్ఫైతో భాగిస్తే పౌన్లు వస్తాయి. చుట్టూ అరవై ఆరు అంగుళాలు, పొడవు అరవై. కిలోల్లోకి మారిస్తే మూడువందల అరవైకి ఒకటి తక్కువ. అందులో అయిదో వంతుకి మించి మొయ్యకూడదన్నారు. జీనూ దాని కింద వేసే దుప్పటీ ఎనిమిది కిలోలు తీసేస్తే మనిషికి అరవై నాలుగు దాకా మిగిలాయి. తమ్ముడు ఎనభై మూడు. లెక్క ముగించి తలెత్తేసరికి వాడు నన్నే చూస్తున్నాడు. నేను అరవై ఒకటి.

"నీ లెక్కే కదా," అన్నాడు.

చుడీదారు వేసుకుని, ఒడ్డున ఉన్న తెప్ప మీంచి ఎక్కాను. గుర్రం నాలుగడుగులు వేసింది. సముద్రం పక్కకి వాలింది, తరవాత కొబ్బరి చెట్లు వాలాయి. వాలుతున్నది నేనేనని అర్థమయ్యేలోపు జీనూ నేనూ కలిసి దాని పొట్ట వైపు తిరిగిపోయాం. మెత్తటి ఇసుకలో కూర్చున్నాను. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు పని ఆపేశారు.

"ఓలమ్మ, జాకెట్లమ్మ పొట్ట కిందకెల్లి ఏటి కొలస్తంది?" అందొకామె.

నాకు నవ్వు ఆగలేదు. లేవడానికి తమ్ముడి చెయ్యి పట్టుకుని మళ్ళీ నవ్వి మళ్ళీ కూర్చున్నాను. వాడు మాత్రం నవ్వలేదు. ఈ జీనూ దీనికి పడలేదు, బగ్గీ ఆయనకి రేపు మాటిచ్చేస్తానన్నాడు. నా నవ్వు అక్కడ ఆగింది.

గుర్రం వైపు చూశాను. పొట్ట కింద పట్టీ వదులుగా వేలాడుతోంది. బిగించింది నేనే, గట్టిగానే బిగించాను. మళ్ళీ పట్టీ దగ్గరికి తెచ్చాను. అది నా కళ్ళ ముందే ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బించి బిగబట్టింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు లోపలికి లాక్కుంటారు, ఇది బయటికి ఊదుతుంది. అంతే తేడా.

"జీను మంచిదేరా," అన్నాను. "ఇది నన్ను మోసం చేసింది."

ఉలవలు పెట్టి, చెవి దగ్గర నిలబడి, నీకు పిల్లలెంతమందమ్మా అని అడిగాను. చెవులు నా వైపు తిప్పి, నమలడంలో పడి ఊపిరి వదిలేసింది. టేపు ఈసారి అరవై ఆరు కాదు, అరవై నాలుగు చూపించింది. సంతోషంతో చప్పట్లు కొట్టి, వెంటనే లెక్క మళ్ళీ వేశాను. దాని దొంగ ఊపిరి తీసేస్తే నేనే కిలోన్నర ఎక్కువ తేలాను. అది తగ్గేదాకా ఎక్కనన్నాను. అప్పటిదాకా ఎవరికీ మాటివ్వొద్దని తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నాను. పూరీలు మానేశాను. కొట్టులో కూర్చుని ఉలవచారు తాగుతుంటే, ఎవరి పెళ్ళికి సన్నబడుతున్నారని అడిగేవాళ్ళు.

మళ్ళీ తెప్ప ఎక్కిన రోజు, మాటల్లో పెట్టి పట్టీ బిగించాను. కాస్త నడిపించి ఇంకో బెజ్జం బిగించాను. ఈసారి సముద్రం నిలువుగానే ఉంది. నడిచింది. మడమ తగిలించానో లేదో తెలీదు, పరుగందుకుంది. నా పళ్ళు టకటకలాడాయి, చున్నీ వెనక్కి ఎగిరింది, నోట్లోంచి నాకే తెలియని కేక వచ్చింది. అంతకు ముందు నేను ఎక్కిన ఎత్తైన వస్తువు కుట్టుమిషను ముందు స్టూలు. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు ఈలలు వేశారు. నేను కూడా వేయబోయాను, గాలే వచ్చింది.

తిరిగి వచ్చాక తమ్ముడు పట్టీ విప్పి జీను ఎత్తాడు. చెమట ఎలా అంటిందో చూడాలి. ఎక్కడ గట్టిగా నొక్కితే అక్కడ చెమట పట్టక పొడి మచ్చ మిగులుతుంది. వెన్నెముక పొడవునా పొడిగా ఉంది, అది ఆరోగ్యమైన పొడి, సందులో గాలి ఆడిన గుర్తు. రెండు పక్కలా ఒకే వెడల్పున తడి, ఎక్కడా మచ్చ లేదు. మూపు మీద లేత వెంట్రుకలు ఒక్కటి కూడా నలగలేదు. తమ్ముడు అక్కడ వేలితో నొక్కాడు. గుర్రం కదల్లేదు.

ఇంకొంచెం పరీక్షగా చూద్దామని నేను కళ్ళజోడు తీసేలోపు అది తాడు లాక్కుని, ముందరి కాళ్ళు మడిచి, ధబ్బుమని ఇసుకలో పడింది. నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి ఎత్తి, మానిన ఆ చోటునే ఇసుకకేసి రుద్దుకుంటూ అటూ ఇటూ దొర్లింది. నొప్పి ఉన్న వీపు అలా దొర్లదు.

తమ్ముడి జేబులో ఫోను మోగింది. పేరు చూసి, గుర్రం మీంచి కళ్ళు తియ్యకుండానే ఎత్తాడు.

"నేదు బావా, అమ్మను. మా అప్ప ఎక్కుతంది దాన్ని," అన్నాడు.