ఎర్ర టేపు లోపలి చెప్పులు

సిమెంటు కలిపే ఆమెను సైట్లో అందరూ వెనకాల మిరపకాయ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆ నోరు ఎక్కువగా మొగుడి మీదే లేచేది. అతను పరంజాలు కట్టేవాడు. ఎక్కడికెళ్లినా చెప్పులు తలో దిక్కున విడిచేసేవాడు. "వీటికీ మనలాగే పడదా ఏం?" అని సణుగుతూ ఆమె వాటిని జతచేసి పెట్టేది.

ఒక పొద్దున అతను పరంజా మీంచి పడి చనిపోయాడు. కాలు జారిందంటూ కాంట్రాక్టరు ఒక్క ముక్కలో చేతులు దులుపుకున్నాడు. సేఫ్టీ ఆఫీసరు ఊరుకోలేదు. విచారణ అయ్యేదాకా ఏదీ కదపకూడదని ఆ చోటు చుట్టూ ఎర్ర టేపు కట్టించాడు. నిచ్చెన మొదట్లో అతని చెప్పులు ఒకటి బోర్లా, ఒకటి గోడవైపు అలాగే ఉండిపోయాయి.

మళ్లీ పనిలోకి వచ్చాక ఆమె రోజూ ఆ టేపు పక్కనే కూర్చుని అన్నం తినేది. ఊడ్చే మనిషి చీపురు అటు తిప్పితే, "వాటి జోలికొచ్చావంటే మర్యాద దక్కదు" అనేది.

చివరికి ఆఫీసరు టేపు విప్పి చుట్టేశాడు. "పైన పలకకి కట్టడానికిచ్చిన తాడే పాతదమ్మా, కుళ్లిపోయింది. మీ ఆయన తప్పేం లేదు, కాంట్రాక్టరుదేనని రాసేశాను. ఇక ఆ చెప్పులు తీసుకెళ్లొచ్చు."

ఆమె వంగింది. చెయ్యి చెప్పులదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇంకో నాలుగు రోజులు విచారించండి సార్," అంది. ఆ గొంతు అంత మెత్తగా పలకడం అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. "మీరడిగినవాటికి నేనే సరిగ్గా చెప్పలేదేమో."