మా కోడలు మాడ్చిన బాణలి

అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలులేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ మాట అన్నవాళ్ళు మా ఇంటికి వచ్చి చూసి అన్నారేమోనని నాకు చాలాకాలం అనుమానం. ఎందుకంటే మా కోడలు కాపురానికొచ్చిన కొత్తలో నేను గుణవంతురాలిననే మాట మా ఆయన కూడా నమ్మేవారు కాదు. గొడవంతా వంట దగ్గరే.

మా కోడలు దర్జీ. వీధి మలుపులో, రెండు మిషన్లు పెడితే మూడో మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత గది ఆమె దుకాణం. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది రెండు ఉతుకులకి పీలికలవుతుందండీ, వద్దు" అని చెప్పేస్తుంది. చేతిపని విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ చేతులే పొయ్యి దగ్గరికొస్తే చాలు, ఫోన్‌లో ఎవరో ఎక్కడో చేసిన ప్రతి వంటా మా ఇంట్లోనూ చేసి తీరాలి. ఒకసారి రొట్టె కాల్చింది. కొయ్యబోతే కత్తి పిడి ఊడి నా చేతికొచ్చింది. ఇంకోసారి గుమ్మడికాయ లోపల గుడ్లు పెట్టి ఉడికించింది. తినడం సంగతి దేవుడెరుగు, గుడ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే మాకు పొద్దుపోయింది. నా కొడుకు మాత్రం పెళ్ళాం ఏం పెట్టినా కళ్ళు మూసుకుని తినేస్తాడు. వాడు బస్సు డ్రైవరు. బస్సు కూడా అలాగే నడపడం లేదు, అదే సంతోషం.

అందుకని నేనే ఒక కట్టుబాటు పెట్టాను. వారమంతా పొయ్యి నాది, సెలవురోజు మాత్రం ఆమెది. ఆ రోజు ఏ కొత్త వంట చేసినా మొదటి ముద్ద నాకే పెట్టాలి. నేను తీర్పు చెప్పేదాకా ఇంకెవరూ గరిటె ముట్టకూడదు. నా తీర్పులు రెండే: "పడెయ్", "తినొచ్చు". "బాగుంది" అనే మాట నా నోట్లోంచి రాలేదు. పేరున్న వంట నాది మరి. చుట్టాలు నా చేతి కూర కోసం పని కల్పించుకుని వచ్చేవాళ్ళు. కానీ ఒకటి చెప్పాలి. ఎన్ని "పడెయ్"లు పడ్డా ఆ పిల్ల మొహం ముడుచుకోలేదు. "సరే అత్తయ్యా, ఎక్కడ చెడిందో చెప్పండి" అని పక్కనే కూర్చునేది. అలా కూర్చుని కూర్చునే నేర్చుకుంది.

పోయిన చలికాలం నాకు జ్వరం వచ్చింది. అది తగ్గింది గానీ, పోతూ పోతూ నా ముక్కునీ నాలుకనీ వెంటబెట్టుకు పోయింది. కాఫీ తాగితే వేడినీళ్ళు. సబ్బుకీ పువ్వుకీ తేడా లేదు. డాక్టరు చూసి, "వాసన, రుచి మళ్ళీ రావచ్చమ్మా, రాకపోవచ్చు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి డాక్టరే కావాలా? నేనూ చెప్పగలను.

అయినా పొయ్యి వదల్లేదు. చేతికి అలవాటైన పనే కదా, కొలత తప్పదనుకున్నాను. ఒకరోజు వేసిన ఉప్పే మళ్ళీ వేసినట్టున్నాను. మా మనవరాలు ఒక ముద్ద తిని, గ్లాసెడు నీళ్ళు తాగి, "నానమ్మా, కూర చాలా బాగుంది. రేపు తింటాను" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. మర్నాడు గరిటె కోడలి చేతికిచ్చేశాను.

వండటంతో పాటు తినడమూ పోయింది. ఆకలనేదే లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే తడిసిన కాగితం నమిలినట్టుండేది. ఎవరైనా అడిగితే తిన్నాననేదాన్ని. ఇంట్లోవాళ్ళు నమ్మారు. నమ్మనిది దర్జీ ఒక్కతే. జాకెట్టు వదులైందని తనకిస్తే కుట్లు లోపలికి వేసి ఇచ్చింది. కొన్నాళ్ళకి మళ్ళీ వదులైంది. ఈసారి జాకెట్టు చేతిలోకి తీసుకుని, మిషను ముందు కూర్చుని, కుట్టకుండా నా వైపు చూసింది.

"ఇంక లోపలికి వెయ్యను అత్తయ్యా."

"ఏం? చేతకాదా?"

"చేతనవును. కానీ వెయ్యను. ఇలా వేస్తూ పోతే చివరికి మీరు మిగలరు." అంటూనే పాత కుట్లు కూడా పరపరా విప్పేసింది.

"నేనే బాగున్నానంటుంటే నీకెందుకే అంత బాధ? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాను.

"కందకి ఒళ్ళు తెలియడం లేదు మరి" అంది. నా నోరు మూయించడం మా ఆయన వల్లే కాలేదు ఇన్నేళ్ళలో.

అక్కడినుంచి మొదలుపెట్టింది. సెలవురోజు లేదు, పనిరోజు లేదు, రోజుకో కొత్త వంట. దుకాణం మూసి వచ్చి పొయ్యి ముందు నిలబడేది. చిక్కటి సూపు చేసింది, అది గొంతు దాటలేదు. వేడి అన్నం మీద చల్లటి దోసకాయ ముక్కలు వేసింది, నాలుగు ముద్దలు దిగాయి. మిరియాల ఘాటు నాకు ఇంకా తెలుస్తోందని ఎలా కనిపెట్టిందో కనిపెట్టింది. ఆ సంతోషంలో మర్నాడు ఎంత వేసిందంటే, నేను తట్టుకున్నాను గానీ మా ఆయన పళ్ళెం వదిలేసి బాల్కనీలోకి పరిగెత్తారు. వేయించిన రొట్టెపొడి, దానిమ్మ గింజలు, పచ్చి క్యారెట్ తురుము, ఏది దొరికితే అది ఏదో ఒకదాని మీద చల్లేది. పెట్టి ఎదురుగా కూర్చుని వింత వింత ప్రశ్నలు అడిగేది. "కొరికితే చప్పుడు చెవికి తెలిసిందా? లోపల మెత్తగా ఉందా, జిగటగా ఉందా? వేడి ముందు తెలిసిందా, కారం ముందు తెలిసిందా?"

నేను తినేదాన్ని. ఆ పిల్ల మొహం చూసి తినేదాన్ని, ఆకలేసి కాదు. అది తనకీ తెలుసు.

విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లోనే ఇంట్లో మిగతావాళ్ళు తిండి గురించి గొణగడం మొదలుపెట్టారు. ఒకరోజు కూరలో ఉప్పు లేదు, ఒకరోజు ఉండాల్సిన దానికంటే ఉంది. కళ్ళు మూసుకుని తినే నా కొడుకే కళ్ళు తెరిచి, "ఏమిటి, అత్తాకోడళ్ళిద్దరికీ నాలుకలు పోయాయా?" అన్నాడు. నాకు మండుకొచ్చింది. "పగలంతా మిషను తొక్కి వచ్చి వండుతోంది. ఉప్పు చాలకపోతే లేచి వేసుకో, చేతులున్నాయిగా" అన్నాను. కోడలి తరఫున నేను మాట్లాడటం అదే మొదలు. ఆమె మాత్రం తల వంచుకుని వడ్డిస్తూ పోయింది.

ఆ తర్వాతి సెలవురోజు ఉదయం. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. కోడలు బంగాళాదుంపలు తురిమి, గుడ్డలో వేసి నీళ్ళన్నీ పిండేసి, మిరియాలు కలిపి, పెనం మీద మందంగా పరిచి అదుముతోంది. పక్క పొయ్యి మీద బాణలిలో పల్లీలు వేగుతున్నాయి. దుంప అట్టు ఎర్రగా కాలాక పళ్ళెంలోకి తీసి, అంచు విరిచి నోట్లో వేసుకుంది. నాకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి, కదలకుండా నములుతూ నిలబడింది. అలా ఎంతసేపు నమిలిందో! గదిలో మసకగా ఉంటే దుంపల ఆవిరనుకున్నాను.

ఇంతలో మెట్ల మీదనుంచి మనవరాలు అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! నానమ్మా! మాడిపోతోంది! కింది దాకా కంపు కొడుతోంది!"

చూస్తే బాణలిలో పల్లీలు లేవు, బొగ్గులున్నాయి. పొగ కప్పుదాకా లేచింది. గబగబా లేచి పొయ్యి ఆపాను.

"నాకంటే ముక్కు లేదు! నీకేమొచ్చిందే?" అని గట్టిగా కసిరాను.

అప్పుడు ఇటు తిరిగింది. రెండు ముక్కుపుటాల్లోనూ దూది కుక్కుకుని ఉంది.

మనవరాలు వాళ్ళమ్మని చూసి, నన్ను చూసి, నోరు తెరిచి నిలబడింది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"మీ జాకెట్టు కుట్లు విప్పినప్పటినుంచి, వండేటప్పుడల్లా" అంది ముక్కుతో, తప్పు చేసి దొరికిపోయినదానిలా. "నాకు వాసన తెలుస్తుంటే నాకు నచ్చిందే వండుతున్నాను అత్తయ్యా. మీరు తింటే మీకేం తెలుస్తుందో నాకు తెలియకుండా మీకేం వండను?"

ముందు కోపమే వచ్చింది. ఇల్లు తగలబడితే? అంత చెయ్యమని ఎవరడిగారు? తిట్టబోయాను. ఉప్పు లేని కూరలకీ, ఉప్పెక్కువైన కూరలకీ ఇన్నాళ్ళూ అందరిచేతా మాటలు పడుతూ, ఎందుకో ఒక్కసారైనా చెప్పని పిల్లని ఏమని తిట్టను?

ఏం చెయ్యాలో తోచక పళ్ళెంలోంచి ఒక ముక్క విరిచాను. ఫెళ్ళుమంది. అంచు కరకరలాడింది, లోపల వేడివేడిగా మెత్తగా ఉంది, చివర్లో మిరియాల ఘాటు నెమ్మదిగా ఎక్కింది. రుచి తెలియలేదు. అబద్ధం చెప్పను, ఇప్పటికీ తెలియడం లేదు. కానీ చెయ్యి ఇంకో ముక్క విరిచింది. తర్వాత ఇంకోటి. ఆ పొగలోనే, నిలబడే, సగం అట్టు తినేశాను. కడుపులో ఏదో పట్టి లాగుతోంది. ఇదేమిటా అనుకున్నాను. అది ఆకలి.

కోడలు పొయ్యి గట్టుకి ఆనుకుని నన్నే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు. పొగ వల్లేనట.

"ఇంకోటి వెయ్యవే" అన్నాను.

అప్పుడే పై అంతస్తు ఆవిడ కిటికీలోంచి కేకేసింది. "ఏమండీ! ఏదో మాడిపోతోందండీ! ఎవరండీ మాడ్చింది?"

నేను కిటికీలోంచి తల బయటపెట్టాను. నోటి నిండా దుంప అట్టు ఉంది.

"మా కోడలండీ!" అని అరిచాను. "మా కోడలే మాడ్చింది!"

"అయ్యో అత్తయ్యా, పరువు తియ్యకండి" అని వెనకనుంచి ఆ పిల్ల నా చెయ్యి పట్టి లాగుతోంది. కింది వాళ్ళకి వినపడలేదేమోనని ఇంకోసారి అరిచాను.