నాంచారు పేరున్న ఆటవెలది

కరోనా తగ్గిన ఏడు తెనాలి నాటక సమాజంలో హార్మోనిస్టుగా నాకు ఆఖరిది. పెద్దకర్మ రోజున పోయినవారి మీద పద్యాలు పాడించడం మా వైపు ఉంది. అలా రామాపురంలో కోటయ్య అనే జాలరి పెద్దకర్మకు వెళ్లాం. పాడేది మా కృష్ణ వేషం మేష్టారు. హోదాలో నేను ఆయన తర్వాత. శ్రుతి ఇచ్చి, ఆయన రాగం వెంట పెట్టె మీద నడవడం నా పని.

కోటయ్య భార్య నాంచారమ్మ ఒక్కటే కోరింది. "మా ఆయన నా మీద పద్యం కట్టాడండి. రాయలేదు, నాకు నోటికొచ్చు. అది పాడండి."

"పడవ నడిపేవాడు పద్యం కట్టాడా?" అని మేష్టారు నవ్వారు.

"మీ నాటకాలన్నీ ఇసకలో కూర్చుని చూసినోడేనండి," అని చెప్పిందామె:

పడవ మీద నేను పరుగెత్తు వేళలో
ఇసుక దిబ్బ పైన నెదురు చూచి
దీపమెత్తినావు తీరాన వెలుగుగా
నాకు తీరమన్న నాంచారు నీవె

ఇది ఆటవెలది. ప్రాస నియమం లేదు. యతి ఉంది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత పడాలి. పడవకు పరుగు, దీపానికి తీరం, అన్నీ జతపడ్డాయి. చిక్కంతా చివరి పాదంలోనే. అక్కడ అయిదూ సూర్యగణాలే ఉండాలి: ఒక్కోటీ గురువు వెంట లఘువు, లేదా మూడు లఘువులు. అలాంటప్పుడు రెండు గురువులు పక్కపక్కన పడవు. నాంచారులో నాం, చా రెండూ గురువులే. ఆ పేరు ఆ పాదంలో ఎక్కడా ఇమడదు.

"తూకం తప్పింది చెల్లెమ్మా, తెలిసినవాళ్లు నవ్వుతారు," అని మేష్టారు నాంచారు తీసి నాతి పెట్టారు. నాతి అంటే ఆడమనిషి. యతి చెడలేదు, గణం కుదిరింది. మీకు తెలియందా అండి, అని ఊరుకుందామె. మోహనలో పాడారు. జనం వన్స్‌మోర్ అన్నారు. ఫోన్లలో రికార్డు చేసుకున్నారు.

కొన్నాళ్లకు బాపట్ల చేపల మార్కెట్లో నాంచారమ్మ నన్ను గుర్తుపట్టి ఆపింది.

"రోజూ ఫోన్లో వింటన్నానన్నయ్యా. మా ఆయన నా పేరు పెట్టాడని తెలుసు. ఎక్కడ పెట్టాడో అందట్లేదు."

పాత పాదం చెప్పాను. రెండు మూడుసార్లు తనలో తనే అనుకుని చూసుకుంది.

"నేను బాధపడతానని మీరే నా పేరు కలిపి చెప్తన్నారేమోనండి. ఆయన అన్నట్టు లేదు."

కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

తూకం తప్పిన పద్యాన్నయినా ముందు కట్టినవాడు కట్టినట్టే ఒకసారి పాడాలి. దిద్దిన పాదం రాగంతో చెవిలో కూర్చుంటే పాతదానికి మళ్లీ చోటివ్వదు.